మా మామ ట్యాబూ, ఆగిపోయిన పిడికిలీ

మా మామ ఓదెలుకు చెవులు వినపడవు. పుట్టుచెవుడేమీ కాదు. సిరిసిల్లలో సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, మీసాలు రాకముందు దూరిన మనిషి మీసాలు తెల్లబడ్డాక బయటికొచ్చాడు. లోపలికి పోయినప్పుడు చెవులు బాగానే పనిచేసేవట. బయటికొచ్చేసరికి అవి అక్కడే ఉండిపోయాయి. తను మాట్లాడేది మాత్రం గట్టిగా మాట్లాడతాడు. ‘‘జర చాయ్ పెట్టు బిడ్డా’’ అని మామూలుగా అడిగినా వాడకట్టులో వాళ్లు తలుపు తీసి చూస్తారు.

సాంచాలు ఆడుతుంటే పక్కనే నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. అందుకని కార్ఖానాలో మా మామా, ఆయన జతగాళ్లూ చేతులతో మాట్లాడుకునేవాళ్లు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. రెండు చూపుడువేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. మీసం దువ్వితే సేటు వస్తున్నాడు, బీడీలు దాచుకోండని. సాంచాను ఆడించాలంటే పిడి పట్టుకుని ముందుకు తోయాలి కదా, అలాగే పిడికిలిని రొమ్ము దగ్గర నుంచి ముందుకు తోస్తే ‘నడుపు’. పిడికిలిని రొమ్ము దగ్గరికి లాగి ఆపితే ‘బంద్’. ఈ చివరి రెండూ గుర్తుపెట్టుకోండి. నా ప్రాణం తీసినవి అవే.

ఈ చేతి మాటలు మామ తర్వాత అంత బాగా వచ్చింది మా ఆడబిడ్డ శ్రీవాణికే. చిన్నప్పుడు రోజూ కార్ఖానాకు సద్దిగిన్నె మోసుకెళ్లి, తండ్రి తినేదాకా అక్కడే కూర్చుని నేర్చుకుందట. అప్పటికి నాకు చాయ్ ఒక్కటే వచ్చేది. మాది రాయికల్. మా పుట్టింట్లో బీడీలు చుట్టేవాళ్లే తప్ప సాంచా ఎట్లుంటుందో ఎవరూ ఎరుగరు. మామకు ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి, నోరంతా తెరిచి అరుస్తాను. ఆయన నా పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటాడు, మిగతా సగం తనకు తోచింది కలుపుకుంటాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. దాచేదేముంది, కోరుట్ల దాకా తెలిసిన సంగతే.

కోరుట్ల అంటే శ్రీవాణి అత్తగారి ఊరు. ఆమె భర్త రంజిత్ మస్కట్‌లో పనిచేస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు మామకో ట్యాబు తెచ్చాడు. ఫోనులో వేళ్లు సరిగా కనిపించవు, ట్యాబులో అయితే తండ్రీబిడ్డలకు ఒకరి చేతులొకరికి పెద్దగా కనిపిస్తాయని. అది వచ్చినప్పటి నుంచి మా మామ మనిషే మారిపోయాడు. సాయంత్రం కాగానే మొహం కడుక్కుని, తల దువ్వుకుని, తన గదిలో గోడకు ట్యాబు ఆనించి దాని ముందు కూర్చుంటాడు. అక్కడ శ్రీవాణి చేతులు తిప్పుతుంది, ఇక్కడ ఈయన తిప్పుతాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియదు. నా గురించేనని నా అనుమానం. ఏమైతేనేం, ఆయన రోజు మొత్తంలో కడుపునిండా మాట్లాడేది ఆ కాసేపే.

ఆ ట్యాబు ఒక ఆదివారం సాయంత్రం మాట మధ్యలో చచ్చింది.

ఏ మాట మధ్యలోనో నాకు తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్తాను, లేకపోతే నాలాగే మీరూ చీకట్లో తడుముకుంటారు. శ్రీవాణికి కోరుట్ల బస్టాండు దగ్గర సకినాలు, గర్జెలు లాంటి పిండివంటలు అమ్మే దుకాణం పెట్టాలని కోరిక. అక్కడ దుబాయికో మస్కట్‌కో పోయే ప్రతి మనిషి సంచిలోనూ సకినాల డబ్బా ఉంటుంది, అందరి ఇళ్లలో చేసిపెట్టే ఓపిక ఇప్పుడెక్కడిది? సాయన్న అనే ఆయనకు అక్కడ ఒక మడిగె, అంటే దుకాణం గది, ఖాళీ అయింది. జిరాక్సు పెట్టుకుంటామని వేరేవాళ్లు తిరుగుతున్నా, గురువారం దాకా ఆగుతానని శ్రీవాణికి మాటిచ్చాడు. ఆమె అత్త గౌరవ్వ ‘‘మీ బాపు సరే అంటె నాకేం అడ్డం లేదు’’ అంది. శ్రీవాణి ఏదీ తండ్రిని అడగకుండా చేయదు. ఆ ఆదివారం అడిగింది, దుకాణం నడపనా వద్దా అని. మామ జవాబు చెప్తుండగా బొమ్మ బిగుసుకుపోయింది, ఆ వెంటనే ట్యాబు నల్లబడిపోయింది. తన జవాబు కోరుట్ల చేరిందనే ఈయన అనుకున్నాడు.

మరి ఆ సంగతి ఇంట్లో నాకొక ముక్క చెప్తే ఏం పోయేది? చెప్పడు. ఎందుకంటే బిడ్డ ముందే ఒట్టు పెట్టించుకుందట, ‘వదినకు చెప్పకు బాపూ, అన్నీ కుదరకముందే లొల్లి చేస్తది’ అని. నేను లొల్లి చేస్తానట!

సోమవారం పొద్దున్నే ట్యాబు చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

‘‘బిడ్డా, గిది లేస్తలేదు.’’

‘‘చార్జింగ్ పెట్టినవా?’’

‘‘ఆఁ, మంచిగనే తిన్న.’’

చూశారా! ఇదీ మా ఇంటి సంభాషణ. నేనే తీసుకుని చార్జర్ పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా ఆయన శ్రీశైలం ఫోను చార్జర్ తెచ్చి పెట్టాను. ఈ గోడకున్న ప్లగ్గు వదిలి ఆ గోడ ప్లగ్గుకు మార్చాను. పక్కనున్న మీట నొక్కాను, వదిలాను, వేలు నొప్పెట్టేదాకా పట్టుకుని నిలబడ్డాను. ‘‘నీ పాడెగట్ట, లేవే!’’ అని తిట్టాను కూడా. ఎదురింటి మల్లవ్వ వచ్చి, తడిసిన ఫోన్లను బియ్యంలో పెడితే బాగవుతాయని చెప్పింది. మాది తడవనేలేదు. అయినా కోపంలో ఉన్న మనిషి ఎవరేం చెప్పినా చేస్తుంది. తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. మామ వచ్చి డబ్బాలోకి వంగి చూసి, ‘‘దీన్ని గూడ వండుతవా ఏంది?’’ అన్నాడు.

ఆ సాయంత్రం మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఖాళీ గోడ ముందు కూర్చున్నాడు. శ్రీశైలం తన ఫోను ఇచ్చి, ‘‘గిందుల మాట్లాడు బాపూ’’ అన్నాడు. ‘‘గీ అద్దంల నాకేం కనవడ్తది!’’ అని పక్కన పెట్టేశాడు. కళ్లకు ఆనదన్నది నిజమే కానీ, కొడుకూ కోడలూ పక్కన కూర్చుని చూస్తుంటే ఆ రహస్యం మాట్లాడటం ఇష్టం లేదన్నది అసలు నిజం. అది నాకప్పుడు తెలియదు కదా. ముసలాయన మొండితనం అనుకుని పళ్లు నూరుకున్నాను.

మంగళవారం కూడా దానితో కుస్తీ పట్టి, ఇక నా వల్ల కాక బుధవారం పాత బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే శ్రీహరి దగ్గరికి తీసుకెళ్లాను. చార్జర్ గుచ్చే రంధ్రంలోకి లైటు వేసి చూసి నవ్వాడు.

‘‘అక్కా, మీ ఇంట్ల సాంచాలున్నయా?’’

‘‘ముందటి అర్రలనే ఉన్నయి, రెండు. మా ఆయన నడుపుతడు. అయితే?’’

‘‘గందుకే. పీనుగ ముక్కుల దూది పెట్టినట్టు పెట్టిండ్రు దీంట్ల.’’

చిన్న పట్టకారుతో లాగితే వచ్చింది, నూలు పొట్టు, ముద్దలు ముద్దలుగా. మా ఇంట్లో అది ఎక్కడ లేదు? పప్పులో ఉంటుంది, పక్కలో ఉంటుంది, దేవుడి పటాల మీద ఉంటుంది. చార్జర్ పిన్ను లోపలిదాకా పోక చార్జింగ్ ఎక్కట్లేదు, అంతే. ఇంత చిన్నదానికి చార్జర్లు మార్చి, ప్లగ్గులు మార్చి, బియ్యంలో పొర్లించి! సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి తెచ్చి చార్జింగ్ పెడితే కాసేపటికి వెలుగొచ్చింది. మామ మొహం కూడా వెలిగింది. గబగబా దువ్వెన అందుకున్నాడు.

ఎక్కడిదండీ అదృష్టం! అది తెరుచుకోలేదు. పిన్ నమోదు చేయమంది.

మామూలుగా ఆయన బొటనవేలు ఆనిస్తే తెరుచుకునేది. సాంచాల మీద పోగులు అతికీ అతికీ ఆ వేలు అరిగిపోయి ఉంటుంది, నాలుగుసార్లు రుద్దితే ఒకసారి పట్టేది. ఇప్పుడు పూర్తిగా ఆరిపోయి మళ్లీ లేచింది కాబట్టి వేలు కూడా పనికిరాదట, పిన్నే కావాలట. నేను ఆయన ఎదురుగా నిలబడి నోరంతా తెరిచాను.

‘‘మామా! పిన్ను! పిన్ను ఎంత?’’

‘‘సన్న పిన్నే బిడ్డా. లావుది కాదు.’’

‘‘ఆ పిన్ను కాదు! పిన్ను కొట్టుమంటున్నది!’’

చార్జర్ తీసుకొచ్చి గుచ్చాడు. గుచ్చి నా వైపు చూశాడు.

‘‘గది కాదు మామా! పిన్ను, పిన్ను నెంబరు!’’

తీసి, తిప్పి, మళ్లీ గుచ్చాడు. ‘‘ఇగో, పెట్టిన గద. ఇంకేం పిన్ను?’’

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగిందంతా ట్యాబు మీద కక్కాను. నాకు తోచిన అంకెలన్నీ కొట్టాను. ఆయన పుట్టిన సంవత్సరం కొట్టాను, ఇంటి నెంబరు కొట్టాను, ఒకట్లు కొట్టాను, సున్నాలు కొట్టాను. తప్పు, తప్పు, తప్పు. ఇక కాసేపు ఆగి ప్రయత్నించమని నాకే బుద్ధి చెప్పింది. నా చేతిలో ఉన్న వస్తువు, మా మామ గదిలో, మా కరెంటు తింటూ, నన్ను ఆగమంటుంది!

పిన్ను పెట్టింది శ్రీవాణే అయి ఉంటుందని నా చిన్న ఫోను నుంచి కోరుట్లకు చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

‘‘శ్రీవాణీ, మీ బాపు ట్యాబు పిన్నెంతనే?’’

‘‘ఇప్పుడెందుకు వదినా?’’

‘‘ఎందుకేంది? నీతోని మాట్లాడనీకే! ఆదివారం నుంచి గోడను సూసుకుంట కూసుంటున్నడు.’’

‘‘మాట్లాడనీకే ఇంకేమున్నది? అడిగిన, చెప్పిండు. అయిపోయింది. నాకిప్పుడు మాట్లాడ బుద్ధి అయితలేదు వదినా.’’

‘‘ఏం అడిగినవే? ఏం చెప్పిండు?’’

‘‘ఏం లేదు. పిన్ను బాపుకే ఎర్క’’ అని పెట్టేసింది.

నాకు నెత్తికెక్కింది. అక్కడ ఆమె అలుగుతుంది, ఇక్కడ ఈయన పలకడు, నడుమ ఈ నల్లపలక తెరుచుకోదు. మామ దగ్గరికి పోయి, ‘‘నీ బిడ్డ ఎందుకలిగింది? ఏం చెప్పినవు?’’ అని అరిచాను. ఆయన నా పెదవులు బాగానే చదివాడు, ఎందుకంటే వెంటనే కళ్లు పక్కకు తిప్పాడు. ‘‘మంచి మాటనే చెప్పిన’’ అని గోడకు చెప్పి, దుప్పటి కప్పుకున్నాడు. ఆ రోజు రాత్రి అన్నం ముద్ద కెలికి లేచిపోయాడు.

గురువారం పొద్దున శ్రీశైలం సాంచాలు ఆపి చాయ్ తాగుతున్నాడు. నేను ట్యాబును ఆయన ముందు పడేశాను. ‘‘ఇగో, నీ అయ్య సొమ్ము. నా తోని కాదు. అంకెల మీద అంకెలు కొట్టి వేళ్లు పోయినయి. గీ దిక్కుమాలిన తాళం ఎవలు తీస్తరో తీయుండ్రి!’’

మామ గుమ్మంలో నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు.

‘‘ఏందీ? తాళమా?’’ అన్నాడు.

‘‘ఆఁ, తాళం!’’

‘‘తాళం నాకు రాదా!’’ అని వచ్చి, ట్యాబు ఒళ్లో పెట్టుకుని, చూపుడువేలితో నాలుగు అంకెలు టకటకా కొట్టాడు. తెరుచుకుంది.

శ్రీవాణి ఆ అంకెలు నేర్పినప్పుడు ‘ఇది తాళం బాపూ’ అని, చేత్తో తాళంచెవి తిప్పినట్టు చూపించి నేర్పిందట. పిన్ను అన్న మాటే ఎత్తలేదు. మా ఇళ్లలో పిన్ను అంటే చార్జర్ పిన్నే.

‘‘నిన్నటిసంది అడుగుతున్న గద మామా!’’ అని ఏడుపు గొంతుతో అరిచాను.

‘‘తాళం అనక పిన్ను పిన్ను అంటె నాకేమెర్క? పెట్టుమన్నప్పుడల్లా పెడుతనే ఉన్న’’ అన్నాడు.

శ్రీశైలం చాయ్ గిలాస అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయన్ను తర్వాత చూసుకుందామని వదిలేశాను.

ఇంకా అయిపోలేదు. వాట్సాప్ నొక్కితే, మీ తేదీ తప్పుగా ఉంది, సరిచేసుకోండని వచ్చింది. చూద్దును కదా, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి లేచేసరికి దానికి ఏ సంవత్సరమో మతి పోయింది. నాకు పెళ్లి కూడా కాని ఏదో ఏడాదిలో, జనవరి ఒకటో తారీఖున కూర్చుని ఉంది. కాలం ఆ ఏడాదిలోనే ఆగిపోతే నేను రాయికల్లో హాయిగా ఉండేదాన్ని కదా అనిపించింది. సెట్టింగులన్నీ వెతికి, అక్కర్లేనివి నాలుగు తెరిచి మూసి, చివరికి తేదీ దొరకబట్టి సరిచేశాను. శ్రీశైలం ఫోను నుంచి నెట్టు కలిపాను. వాట్సాప్ తెరుచుకుంది. అందులో మొదటి పేరు శ్రీవాణి.

మామ దువ్వెన తీశాడు. గోడకు ట్యాబు ఆనించాడు. నన్ను బయటికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంత చాకిరీ చేయించుకుని పొమ్మంటాడా! నేను కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

చాలాసేపు మోగింది. ఆఖరికి శ్రీవాణి ఎత్తింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మామ గడ్డం పైకెత్తి, వేళ్లు తిప్పి, ఏదో అడిగాడు. శ్రీవాణి పిడికిలి రొమ్ము దగ్గరికి లాగి ఆపింది. నోటితోనూ అంది కాబట్టి నాకూ తెలిసింది.

‘‘నువ్వే బంద్ అంటివి. మల్ల ఎప్పుడు తెరుస్తవు అని అడుగుతవేంది బాపూ? దుకాణం లేదు, ఏం లేదు. ఇయ్యాల సాయన్న మడిగె వేరేటోళ్లకు ఇస్తున్నడు.’’

‘‘బంద్ అని నేనెప్పుడన్ననే!’’ మామ అరుపుకు ముందు గదిలో శ్రీశైలం ఉలిక్కిపడ్డాడు.

శ్రీవాణి పిడికిలి రొమ్ముకు ఆనించి, అలాగే ఉంచి చూపించింది. ‘‘గిట్ల పెట్టినవు. గిట్లనే ఆగినవు. కండ్లార సూసిన.’’

అప్పుడు అర్థమైంది నాకు. ముందుకు తోయాలంటే పిడికిలి మొదట రొమ్ము దగ్గరికి రావాలి. ఈయన నడుపు అని చెప్పబోయాడు. పిడికిలి రొమ్ము దగ్గరికి వచ్చింది, దిక్కుమాలిన బొమ్మ సరిగ్గా అక్కడ ఆగింది. కోరుట్లలో ఆ పిల్ల తెర మీద నిలిచిపోయిన తండ్రి పిడికిలిని చూసి, బాపు బంద్ అన్నాడనుకుని, ఆదివారం నుంచి ఏడుస్తూ కూర్చుంది. ఇక్కడ ఈయన తనిచ్చిన ‘నడుపు’ తలచుకుని మురుస్తూ కూర్చున్నాడు.

‘‘పిచ్చిదానా, నడుపు అన్న! నడుపు!’’ అంటూ మామ మోకాళ్ల మీద లేచి, పిడికిలి రొమ్ము దగ్గర నుంచి ట్యాబు దాకా తోశాడు. మళ్లీ లాగాడు, మళ్లీ తోశాడు. సాంచాలన్నీ ఒక్కడే ఆడిస్తున్నట్టు తోశాడు.

శ్రీవాణి నోరు తెరిచి ఉంది. మూయలేదు. రెప్ప కూడా కొట్టలేదు.

మళ్లీ బిగుసుకుపోయింది!

‘‘ఓ దేవుడా!’’ అని అరిచి ముందు గదికి ఉరికాను. శ్రీశైలం ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లో ఎవరితోనో సాంచాకెక్కించే నూలు బీముల గురించి మాట్లాడుతున్నాడు. ఫోను వస్తే నెట్టు పోతుందని ఎన్నిసార్లు చెప్పాను! ‘‘పెట్టేయ్! అక్కడ నీ చెల్లె బతుకు ఆగమైతున్నది, పెట్టేయ్!’’ అని చేతిలోంచి గుంజుకున్నాను. ఇంతలో నా చిన్న ఫోను మోగింది. శ్రీవాణి.

‘‘వదినా!’’ ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. ‘‘వదినా, బొమ్మ ఆగింది. ఈసారి బాపు చెయ్యి ముందట ఆగింది. పిడికిలి నా మొకం మీదికి అచ్చి ఆగింది.’’

‘‘ఆగితే ఆగింది, నువ్వు ఊకుండకు! ముందు పోయి సాయన్నను పట్టుకో. పో!’’

‘‘చెప్పుల కాళ్లు పెట్టిన వదినా. పోతనే ఉన్న. నువ్వు లొల్లి...’’

‘‘లొల్లి ముచ్చట తర్వాత. ఉరుకు!’’

కాసేపటికి మళ్లీ చేసింది. జిరాక్సువాళ్లు మడిగె ముందే నిలబడి ఉన్నారట. గురువారం ఇంకా అయిపోలేదు, మాట మాటే అని సాయన్న తాళంచెవి ఈమె చేతిలోనే పెట్టాడట.

గదిలోకి వెళ్లాను. మామ ఇంకా ట్యాబు ముందే ఉన్నాడు. ఆగిపోయిన బిడ్డ మొహం కూడా పోయి, తెర నల్లబడింది. చెయ్యి నేల మీద పడేసి, నా వైపు చూశాడు. ఏమైందని అడగలేదు. అడిగి, నా నోరు చూసి, తప్పు అర్థం చేసుకుంటానేమోనన్న భయం ఆ కళ్లలో కనిపించింది.

నోరు తెరవబోయి మూసుకున్నాను. పిడికిలి బిగించి రొమ్ము దగ్గర పెట్టాను. ఆయన కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. ఆగకుండా, నడుమ ఎక్కడా ఆగకుండా, ముందుకు తోశాను.

ఆయన మీసం కదిలింది. కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, వంక పెట్టాడు.

‘‘గంత మెల్లగ తోస్తె సాంచా ఆడదు బిడ్డా. జోరుగ తొయ్యాలె.’’

మళ్లీ తోశాను.